19 అడుగుల పడవకు ఎలక్ట్రిక్ వించ్: ఎంత బలమున్నది కొనాలి, కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన దగ్గర 19 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ ఉంది, దానికి 150 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను ఉంది, ట్రైలర్ మీద కార్పెట్ చుట్టిన చెక్క బంకులు, అంటే పడవ అడుగు ఆనే పొడవాటి దిమ్మెలు, ఉన్నాయి. వారాంతాల్లో ఎక్కువగా లూయిస్‌విల్ లేక్‌కు, అప్పుడప్పుడు టెక్సోమా లేక్‌కు వెళ్తారు. భుజానికి ఆపరేషన్ అయిన తర్వాత, పడవను తాడుతో ట్రైలర్ మీదికి లాగే చేతి వించ్ తిప్పడం కష్టమవుతోంది. 3,500 పౌండ్లు అని రాసి ఉన్న ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండి) వించ్ ఒకటి చవకగా దొరుకుతోందట. దాన్ని బిగించి, ట్రైలర్ లైట్లకు కారు నుంచి కరెంటు అందించే 7 పిన్ ప్లగ్ నుంచే కరెంటు ఇస్తే సరిపోతుందా అన్నది వారి సందేహం.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. 7 పిన్ ప్లగ్ నుంచి వించ్‌కు కరెంటు ఇవ్వకండి. ఏటీవీ వించ్ కాకుండా, పడవ ట్రైలర్ల కోసమే తయారైన 12 ఓల్టుల వించ్ కొనండి. డ్రమ్ము (తాడు చుట్టుకునే కండె) మీద మొదటి పొర దగ్గర 3,000 పౌండ్లకు తగ్గకుండా లాగగలిగేది, క్లచ్ వదిలితే తాడు స్వేచ్ఛగా బయటికి వచ్చేది, కరెంటు పోయినప్పుడు చేత్తో తిప్పడానికి హ్యాండిల్ ఉన్నది మీకు సరిపోతుంది. దానికి బ్యాటరీ నుంచి నేరుగా కనీసం 6 గేజ్ రాగి తీగ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు) వేయండి, లేదా ట్రైలర్ ముందు భాగంలోనే ఒక చిన్న బ్యాటరీ పెట్టుకోండి. వించ్ ధర మీద కొంత తగ్గించుకున్నా, తీగల మీద మాత్రం తగ్గించుకోవద్దు.

నేను గాల్వెస్టన్ బే వైపు పడవల మరమ్మతు షెడ్డులో పనిచేస్తాను. వించ్ బలం చాలడం లేదని తీసుకొచ్చే ట్రైలర్లలో ఎక్కువ వాటికి అసలు లోపం వించ్‌లో ఉండదు. బంకుల్లోనో, తీగల్లోనో, వించ్ బిగించిన ఎత్తులోనో ఉంటుంది. అందుకే పెట్టె మీది అంకె గురించి చివరలో మాట్లాడుకుందాం, ముందు మీ పడవను లాగడానికి నిజంగా ఎంత బలం కావాలో చూద్దాం.

కంపెనీ పుస్తకంలో ఇచ్చే బరువు ఖాళీ పడవది. మీ పడవ, ఇంజను కలిపి 2,700 పౌండ్లు అనుకుందాం. దానికి పెట్రోలు కలపాలి. గ్యాలన్‌కు దాదాపు 6 పౌండ్లు కాబట్టి 36 గ్యాలన్ల ట్యాంకు నిండుగా ఉంటే 220 పౌండ్ల వరకు పెరుగుతుంది. రెండు బ్యాటరీలకు 100 పౌండ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు, కూలర్, తాళ్ళు, చేపల సామాను అన్నీ కలిపి ఇంకో 250. చేపల ట్యాంకులోనో, పడవ అడుగునో 20 గ్యాలన్ల నీళ్ళు మిగిలిపోతే మరో 165 పౌండ్లు. మొత్తం 3,400 దాటుతుంది. ఈ చివరి అంకె, అంటే నీళ్ళ బరువు, చాలామంది లెక్కలోకి తీసుకోరు. సాయంత్రం పడవను బయటికి తీసే వేళకు పొద్దున నీళ్ళలో దించినప్పటికంటే అది బరువుగా ఉండటానికి తరచుగా ఇదే కారణం. పంపు ఒకసారి నడిపి నీళ్ళు తోడేసిన తర్వాతే వించ్ బటన్ నొక్కడం అలవాటు చేసుకోండి.

అయితే 3,450 పౌండ్ల పడవను లాగడానికి 3,450 పౌండ్ల బలం అవసరం లేదు. మనం దాన్ని పైకి ఎత్తడం లేదు, వాలు మీద జరుపుతున్నాం. వించ్ రెండింటిని గెలవాలి: ఒకటి వాలు, రెండోది రాపిడి. అమెరికాలో పడవలు దించే కాంక్రీట్ ర్యాంపులను సాధారణంగా 12 నుంచి 15 శాతం వాలుతో కడతారు, అంటే వంద అడుగుల దూరానికి 12 నుంచి 15 అడుగుల ఎత్తు. 15 శాతం వాలు మీద మీ పడవ వెనక్కి జారాలని చూసే బలం దాదాపు 510 పౌండ్లు. ఇది ఏ ట్రైలర్ అయినా మారదు. రాపిడి మాత్రం ట్రైలర్‌ను బట్టి విపరీతంగా మారిపోతుంది. బాగా తిరిగే రోలర్ల ట్రైలర్ మీద పడవ బరువులో పదో వంతు వరకు, తడిసిన కార్పెట్ బంకుల మీద మూడో వంతుకు కొంచెం తక్కువగా, ఎండిపోయిన కార్పెట్ మీద సగం దాకా రాపిడి ఉంటుందని నేను లెక్క వేసుకుంటాను. ఇవి నా పని అంచనాలు, కార్పెట్ వయసును బట్టి, పడవ అడుగు నునుపును బట్టి అటూ ఇటూ అవుతాయి.

ఈ లెక్కన మీ పడవ బరువు మొత్తం ట్రైలర్ మీదే ఉన్నప్పుడు రోలర్ల మీద అయితే 850 పౌండ్ల బలంతో వచ్చేస్తుంది, తడి బంకుల మీద 1,500 పైచిలుకు కావాలి, ఎండిన బంకుల మీద 2,200 కావాలి. పడవ అదే, ర్యాంపు అదే, ట్రైలర్ మాత్రమే వేరు. ట్రైలర్‌ను సరైన లోతుకు దించితే ఈ అంకెలన్నీ ఇంకా తగ్గుతాయి, ఎందుకంటే అప్పుడు పడవ బరువులో చాలా భాగాన్ని నీరే మోస్తుంది, చివరి మూడు నాలుగు అడుగుల్లోనే వించ్‌కు అసలు పని పడుతుంది. అలాగని మరీ లోతుగా దించినా ఇబ్బందే. పడవ బంకుల మీద కూర్చోకుండా తేలుతూ పక్కకు జరుగుతుంది, ట్రైలర్ బయటికి లాగాక చూస్తే వంకరగా కూర్చుని ఉంటుంది. ఫెండర్ల (చక్రాల మీది మడ్‌గార్డుల) పైభాగం నీటి మట్టానికి కొంచెం అటూ ఇటూగా ఉండేంత లోతు దగ్గర మొదలుపెట్టి, మీ పడవకు నప్పే గుర్తును ఫెండర్ మీద టేపు ముక్కతో పెట్టుకోండి. ర్యాంపు వాలు మారితే ఆ గుర్తు కూడా మారుతుంది.

ఇక్కడే టెక్సస్ వాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. మన చెరువులు దాదాపు అన్నీ రిజర్వాయర్లే, వాటి మట్టం ఏడాదిలోనే అడుగుల కొద్దీ మారుతుంది. 2011లాంటి కరువు వచ్చిన ఏడాది చాలా ర్యాంపులు నీటికి అందకుండా పోయాయి. నీరు తగ్గినప్పుడు కాంక్రీటు చివరి వరకు వెళ్ళినా ట్రైలర్ కావలసినంత లోతుకు మునగదు, ఇంకా వెనక్కి తోస్తే చక్రాలు కాంక్రీటు అంచు దాటి గుంటలో పడతాయి. అలాంటి రోజున పడవలో సగం పొడి బంకుల మీదుగానే రావాలి. మామూలు రోజున ఏ వించ్ అయినా పనిచేస్తుంది, ఆ రోజున పనిచేసేదాన్ని కొనాలి. ఇంజను వేగం పెంచి పడవను ట్రైలర్ మీదికి తోలేసే పద్ధతిని నేను ఎవరికీ చెప్పను. ప్రొపెల్లర్ తోసే నీటి ధాటికి కాంక్రీటు అంచు కింద మట్టి కోసుకుపోయి, ట్రైలర్ చక్రాలు దిగబడే ఆ గుంటలు ఏర్పడేది చాలావరకు దానివల్లే. కొన్ని ర్యాంపుల దగ్గర అది చేయవద్దని బోర్డులు కూడా పెట్టారు.

ఇప్పుడు వించ్ మీద రాసి ఉండే అంకె దగ్గరికి వద్దాం. ఈ అంకెను అన్ని కంపెనీలూ ఒకే అర్థంలో రాయవు. కొందరు తాడును వించ్ ఎంత బలంతో లాగగలదో రాస్తారు. కొందరు ఎంత బరువున్న పడవ వరకు వాడవచ్చో రాస్తారు, అది చూడటానికి చాలా పెద్ద అంకెగా ఉంటుంది. మోడల్ పేరులో 5000 అనో 7000 అనో ఉన్నంత మాత్రాన అది అన్ని పౌండ్ల బలంతో లాగుతుందని అర్థం కాదు. రెండు వించ్‌లను పోల్చేటప్పుడు వెబ్‌సైట్ మీది పెద్ద అక్షరాలను వదిలేసి, మాన్యువల్ లోపల పొరల వారీగా ఇచ్చే పట్టికను చూడండి. ఆ పట్టిక ఇవ్వని వించ్‌ను నేను కొనను.

పొరల వారీగా అని ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు కీలకం ఇదే. వించ్ మోటారు, గేర్లు కలిసి డ్రమ్మును తిప్పే బలం మారదు. కానీ కేబుల్ పొర మీద పొర చుట్టుకున్న కొద్దీ డ్రమ్ము లావెక్కుతుంది, లావెక్కిన కొద్దీ తాడు మీద పడే బలం తగ్గుతుంది. 2 అంగుళాల వ్యాసం, 3 అంగుళాల వెడల్పు ఉన్న డ్రమ్ము మీద 3/16 అంగుళం కేబుల్ చుట్టారనుకోండి. మొదటి పొరలో 9 అడుగులు పడుతుంది, రెండో పొరతో 20, మూడో పొరతో 32, నాలుగో పొరతో 45 అడుగుల దాకా పడుతుంది. మొదటి పొర దగ్గర 3,000 పౌండ్లు లాగే వించ్, మూడో పొర దగ్గర 2,200 మాత్రమే లాగుతుంది, నాలుగో పొరకు వచ్చేసరికి 2,000 కూడా ఉండదు. పెట్టె మీద రాసేది ఆ మొదటి పొర అంకె.

ఇప్పుడు పడవ ఎక్కే తీరును దీనికి జోడించి చూడండి. మొదట్లో పడవ నీటిలో తేలుతూ ఉంటుంది, కేబుల్ చాలావరకు బయట ఉంటుంది, డ్రమ్ము సన్నగా ఉంటుంది, వించ్‌కు గరిష్ఠ బలం ఉంటుంది, కానీ ఆ బలంతో పని ఉండదు. పడవ నీటిని వదిలి పూర్తి బరువుతో బంకుల మీదికి వచ్చి, దాని ముక్కు ముందున్న రబ్బరు రోలర్‌కు ఆనుకోబోయే చివరి అడుగుల్లో కేబుల్ అంతా డ్రమ్ము మీదికి వచ్చేసి ఉంటుంది. అంటే ఎక్కువ బలం కావలసిన చోటే వించ్ తన బలాన్ని అన్నిటికంటే తక్కువగా ఇస్తుంది. జీపును బురదలోంచి లాగే వాళ్ళకు ఈ ఇబ్బంది అంతగా ఉండదు, వాళ్ళు కేబుల్ పొడవుగా బయటికి తీసుకుని మొదటి పొరల మీద పనిచేస్తారు. పడవ ట్రైలర్‌కు ఆ వెసులుబాటు లేదు.

దీనికి ఖర్చులేని మందు ఒకటి ఉంది. మీ ట్రైలర్ పొడవును బట్టి వించ్ నుంచి 20 లేదా 22 అడుగుల దూరం కొక్కెం అందితే చాలు. డ్రమ్ము మీద ఎప్పుడూ మిగిలి ఉండాల్సిన నాలుగైదు చుట్లకు మరో మూడు అడుగులు వేసుకోండి. మొత్తం 30 అడుగులు దాటనవసరం లేదు. వించ్‌తో 50 అడుగుల కేబుల్ వస్తే, అదనపు పొడవు అవసరం లేని బరువుగా డ్రమ్ము మీద కూర్చుని ప్రతిసారీ మీ బలాన్ని తినేస్తుంది. దాన్ని కత్తిరించి చివర సరిగా బిగించుకుంటే కనీసం ఒక పొర తగ్గుతుంది, అదే వించ్ చివరి అడుగుల్లో 200 పౌండ్లకు పైగా ఎక్కువ లాగుతుంది. ఇంకా చాలని రోజున కప్పీ వాడాలి. కేబుల్‌ను పడవ ముక్కు రింగుకు తగిలించిన కప్పీ గుండా తిప్పి, కొక్కేన్ని మళ్ళీ వించ్ స్తంభానికే తగిలిస్తే, వేగం సగమవుతుంది, బలం దాదాపు రెట్టింపవుతుంది. చాలా ట్రైలర్ వించ్‌లతో పాటే ఈ కప్పీ వస్తుంది. కప్పీతో పూర్తి దూరం లాగాలంటే 30 అడుగులు చాలవు, కానీ బరువు పడేది చివరి అడుగుల్లోనే కాబట్టి మొదట ఒంటి తాడుతో లాగి, చివర్లో పడవ ముక్కును ట్రైలర్‌కు గొలుసుతో కట్టి ఉంచి, కప్పీ వేసుకోవచ్చు.

ఈ లెక్కల ప్రకారం మీకు తడి బంకుల మీద 1,500 పౌండ్లు కావాలి, మూడో పొర దగ్గర 2,200 వచ్చే వించ్‌తో మంచి మిగులు ఉంటుంది, ఎండిన బంకుల రోజున కప్పీ ఉంటుంది. అందుకే 3,000 అని చెప్పాను. అంతకంటే బాగా పెద్దది కొంటే మరో చిక్కు వస్తుంది. మీ ట్రైలర్ ముందున్న వించ్ స్తంభం, దాన్ని పట్టుకున్న యూ బోల్టులు, పడవ ముక్కు రింగు అన్నీ చేతి వించ్ బలానికి తగ్గట్టు అమర్చినవి. వించ్ ఆగకపోతే వాటిలో ఏదో ఒకటి వంగుతుంది.

ఏటీవీ వించ్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. అది చెడ్డ వస్తువు కాదు, ట్రైలర్ మీద వాడుతున్న వాళ్ళూ ఉన్నారు. కానీ చాలావాటికి చేత్తో తిప్పే హ్యాండిల్ ఉండదు. చీకటి పడ్డాక ర్యాంపు మీద బ్యాటరీ చచ్చిపోతే, మీ వెనక పది పడవలు వరుసలో ఉంటే, భుజం నొప్పి ఉన్నా సరే హ్యాండిల్ ఉండటం ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది. రెండోది, వాటిలో చాలావాటికి బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది, బరువుతో పాటు తాడు వదులుతున్నప్పుడు అది వేడెక్కుతుంది. పైన సింథటిక్ తాడు ఉంటే ఆ వేడి దాన్ని లోపలి పొర నుంచి పాడు చేస్తుంది, బయటికి కనబడదు. మూడోది క్లచ్. ఏటీవీ వించ్ క్లచ్ లివర్ తిప్పితే డ్రమ్ము పూర్తిగా వదిలేస్తుంది. పడవ బరువు తాడు మీద ఉండగా ఎవరైనా ఆ లివర్ తాకితే పడవ ఆగకుండా వెనక్కి జారిపోతుంది. ట్రైలర్ వించ్‌లలో మంచివాటికి క్లచ్‌ను మెల్లగా వదులుతూ జారుడును అదుపు చేసే ఏర్పాటు ఉంటుంది.

పడవను దించడానికి కూడా మోటారు తిరగాలా అని కొందరు అడుగుతారు. వాలు ఉన్న ర్యాంపు మీద అవసరం లేదు, పడవ తన బరువుతోనే జారుతుంది, క్లచ్ చాలు. ఇంటి దగ్గర చదునైన నేల మీద పడవను ట్రైలర్ నుంచి జరపాల్సిన వాళ్ళకు మాత్రం రెండు వైపులా తిరిగే మోటారు పనికొస్తుంది.

కరెంటు సంగతి. వించ్ పెద్దగా కరెంటు తినేస్తుందని భయపడతారు కానీ, అది తినే మొత్తం చాలా తక్కువ, ఒక్కసారిగా అడిగే ప్రవాహమే ఎక్కువ. 1,500 పౌండ్ల బలంతో నిమిషానికి 6 అడుగుల వేగంతో లాగాలంటే తాడు మీద పడే శక్తి 200 వాట్లు మాత్రమే. గేర్లలో, మోటారులో వృథా పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి 700 వాట్ల వరకు రావాలి, అంటే 12 ఓల్టుల మీద 60 ఆంపియర్లు. 20 అడుగులు లాగడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. పూర్తి బరువు మొదటి నుంచీ ఉందనుకున్నా 4 ఆంపియర్ అవర్లకు మించదు. చిన్న బ్యాటరీ కూడా దీన్ని తేలిగ్గా మోస్తుంది. కానీ ఆ 60 ఆంపియర్లు తీగ గుండా రావాలి, అక్కడే అందరూ దెబ్బతింటారు.

కారు ముందున్న బ్యాటరీ నుంచి ట్రైలర్ మీది వించ్ దాకా 25 అడుగులు అనుకోండి, పోను రాను 50 అడుగులు. 10 గేజ్ తీగ వేస్తే 60 ఆంపియర్ల దగ్గర 3 ఓల్టులు తీగలోనే పోతాయి. 6 గేజ్ వేస్తే 1.2 ఓల్టులు పోతాయి. 4 గేజ్ వేస్తే ముప్పావు ఓల్టు మాత్రమే పోతుంది. 7 పిన్ ప్లగ్‌లో వచ్చే 12 ఓల్టుల పిన్‌కు సాధారణంగా 30 ఆంపియర్ల ఫ్యూజు, 10 లేదా 12 గేజ్ తీగ ఉంటాయి. పడవ నీటిలో తేలుతున్నంతసేపు పనిచేసినట్టే కనిపించి, బరువు పడగానే ఫ్యూజు పోతుంది. పెద్ద ఫ్యూజు వేస్తే ఆ తీగ వేడెక్కి, కారు కింద ఉన్న మిగతా తీగలతో కలిసి కాలుతుంది. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఒకాయన కొత్త వించ్ కొన్న నెలకే, బలం లేదని, డబ్బు వాపసు ఇప్పించమని షెడ్డుకు తీసుకొచ్చారు. పడవను బంకుల మీద సగం వరకు లాగి ఉంచి, వించ్ నడుస్తుండగానే దాని టెర్మినళ్ళ దగ్గర మీటరు పెట్టాను. కారు బ్యాటరీ దగ్గర 12.3 ఓల్టులు ఉన్నాయి, వించ్ దగ్గర 8.8 ఉన్నాయి. తీగ 10 గేజ్‌ది, ప్లగ్ దగ్గర పట్టుకుంటే చేయి కాలేంత వేడి. వించ్‌ను తాకకుండా తీగలు, ప్లగ్ మాత్రమే మార్చాను. ఆ వించ్ ఇప్పటికీ అదే ట్రైలర్ మీద ఉంది. ఓల్టేజ్ తగ్గితే మోటారు మెల్లగా తిరగడమే కాదు, లోపల వేడెక్కి త్వరగా కాలిపోతుంది కూడా.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, కారు బ్యాటరీ నుంచి వెనక బంపర్ దాకా 4 లేదా 6 గేజ్ తీగ వేసి, అక్కడ ఆండర్సన్ కనెక్టర్ లాంటి పెద్ద ప్లగ్ పెట్టుకోవడం. బ్యాటరీకి వీలైనంత దగ్గరగా వించ్ కంపెనీ చెప్పిన సైజు బ్రేకర్ తప్పకుండా ఉండాలి. కారు ఏదైనా గుద్దుకున్నప్పుడు ఆ తీగ నలిగితే మంటలు రాకుండా ఆపేది ఆ బ్రేకరే. వించ్ నడుపుతున్నంతసేపు కారు ఇంజను నడుస్తూ ఉండాలి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాల కింద అడ్డు పెట్టి ఉండాలి. రెండో దారి, ట్రైలర్ ముందు భాగాన నీరు తాకని ఎత్తులో పెట్టెలో 35 ఆంపియర్ అవర్ల ఏజీఎం (యాసిడ్ ఒలకని, సీలు చేసిన రకం) బ్యాటరీ పెట్టుకోవడం. వించ్‌కు తీగ మూడు నాలుగు అడుగులే కాబట్టి ఓల్టేజ్ పోదు, ఏ కారుకు తగిలించినా పనిచేస్తుంది. 7 పిన్ ప్లగ్‌ను అప్పుడు ఆ బ్యాటరీని మెల్లగా చార్జ్ చేయడానికి, చార్జర్ ద్వారా, వాడుకోవచ్చు. ఆ ప్లగ్ చేయగల పని అంతవరకే. మీకు రెండు కార్లు ఉన్నాయని రాశారు కాబట్టి నేనైతే ఈ రెండో దారినే ఎంచుకుంటాను.

తాడు విషయం కొంచెం త్వరగా చెప్పేస్తాను. గాల్వనైజ్డ్ స్టీలు కేబుల్ మన్నిక ఎక్కువ, కానీ ఒక్కొక్క పోగు తెగి ముళ్ళలా లేస్తుంది, చేతులకు మందపాటి తోలు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. 3/16 అంగుళం కేబుల్ 4,200 పౌండ్ల దగ్గర తెగుతుంది, 7/32 అంగుళానిది 5,600 దగ్గర. 3,000 పౌండ్లు లాగే వించ్‌కు రెండోది వేయమంటాను, పొరలు కొంచెం లావైనా భద్రత ముఖ్యం. సింథటిక్ తాడు తేలిక, తెగినా స్టీలంత బలంగా కొట్టదు, కానీ టెక్సస్ ఎండకు, ఇసుక రాపిడికి త్వరగా అరుగుతుంది, దానికి కవరు వేసి ఉంచాలి, డ్రమ్ము మీద కనీసం ఎనిమిది పది చుట్లు మిగలాలి, లేకపోతే జారుతుంది. చేతి వించ్ మీద ఉండే 2 అంగుళాల పట్టీని ఎలక్ట్రిక్ వించ్‌కు వాడాలంటే ఆ వించ్ పట్టీ కోసమే తయారైనదై ఉండాలి.

ఏ తాడైనా సరే, లాగుతున్నప్పుడు దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు. తెగిన కేబుల్ వెనక్కి కొట్టే వేగాన్ని చేతితో ఆపలేరు, కళ్ళతో చూడలేరు. పిల్లలు ఆ సమయంలో పడవ ముక్కు దగ్గరికి రావడం సహజం, వాళ్ళను ముందే పక్కకు, దూరంగా ఉంచండి. రిమోట్ తీగ పొడవుగా ఉన్నది తీసుకుని పక్కకు నిలబడి నడపండి.

వించ్ లాగడానికే, కట్టి ఉంచడానికి కాదు. పడవ రోలర్‌కు ఆనుకోగానే ముక్కు రింగుకు భద్రతా గొలుసు తగిలించి, ఆ తర్వాతే ట్రైలర్‌ను ర్యాంపు మీదికి లాగాలి. దారిలో వెళ్ళేటప్పుడు వెనక రెండు వైపులా పట్టీలు, ముందు గొలుసు, పడవను పట్టుకునేవి అవే. హైవే మీద ప్రతి ఎగుడుకూ పడవ బరువు గేరు పళ్ళ మీద కొడుతూ ఉంటే, ఆ పళ్ళు విరిగేది ఎప్పుడో ముందుగా తెలియదు.

వించ్ బిగించే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి ఎత్తు. పడవ పూర్తిగా ఎక్కాక ముక్కు రింగు రబ్బరు రోలర్‌కు కొంచెం కిందుగా ఉండాలి, వించ్ నుంచి రింగుకు తాడు ఏటవాలుగా కాకుండా దాదాపు నేలకు సమాంతరంగా, సూటిగా రావాలి. తాడు కిందికి గుంజితే పడవ ముక్కు బంకుల మీద అదుముకుని రాపిడి పెరుగుతుంది, పైకి గుంజితే ముక్కు లేచి వెనక భాగం బంకుల చివర మీద నొక్కుకుంటుంది. రెండోది బంకులు. కార్పెట్ మీద చేయి పెట్టి పొడవునా తడుముకుంటూ రండి. చెక్క మెత్తబడి, బోల్టు తల కార్పెట్‌ను పొడుచుకుని పైకి వచ్చిందంటే అది పడవ అడుగును గీస్తుంది, ఎంత పెద్ద వించ్ పెట్టినా మొరాయిస్తుంది. కార్పెట్ మార్చడానికి ఒక పూట చాలు. బంకుల మీద వేసే నున్నటి ప్లాస్టిక్ పలకలు కూడా దొరుకుతాయి, అవి రాపిడిని బాగా తగ్గిస్తాయి. అయితే వాటితో పడవ ఎంత తేలిగ్గా ఎక్కుతుందో అంత తేలిగ్గా జారుతుంది కూడా, కాబట్టి నీటి దగ్గరికి చేరేదాకా గొలుసు, పట్టీలు విప్పకూడదు.

మీరు తిరిగేవి మంచినీటి చెరువులే కాబట్టి తుప్పు బాధ తక్కువ. ఎప్పుడైనా గాల్వెస్టన్ వైపు ఉప్పునీటికి వస్తే, ఇంటికి వెళ్ళగానే వించ్‌ను, ప్లగ్‌ను మంచినీటితో కడగండి, ఒత్తిడి ఎక్కువున్న నీటి గన్‌తో మాత్రం కాదు, అది నీటిని సీళ్ళ లోపలికి తోస్తుంది. తీగలు తగరం పూత ఉన్న రాగివి తీసుకోండి. మామూలు రాగి తీగ ఉప్పుగాలికి పైకి బాగానే కనిపిస్తూ లోపల నల్లబడిపోతుంది, రెండో ఏడాది వేసవికి వించ్ మళ్ళీ బలహీనపడుతుంది.

అంతా బిగించాక మొదటిసారి రద్దీ లేని వారం మధ్య రోజున ర్యాంపుకు వెళ్ళండి. తోడుగా ఒకరిని తీసుకెళ్ళి, పడవ నీటిని వదిలి బంకుల మీదికి వస్తున్న సమయంలో వించ్ టెర్మినళ్ళ దగ్గర ఓల్టేజ్ చూడమనండి. 11 పైన ఉంటే తీగలు సరిపోయినట్టే. 10.5 కంటే తగ్గితే వించ్‌ను ఆపి, ప్రతి బిగింపునూ, ప్లగ్‌నూ చేత్తో తాకి చూడండి, వేడిగా ఉన్నదాన్నే ముందు విప్పి సరిచేయాలి. మీ ట్రైలర్ స్తంభం, బంకుల ఫొటోలు పెట్టగలిగితే ఎత్తు ఎంత ఉండాలో చూసి చెబుతాను.